బీరువా గీకిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నది మామయ్య, మా ఆయన నాన్న. రైలుపెట్టెలకు రంగులు వేసే షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక ఆరేళ్ళపాటు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మనిషి. మేం ఆ పాత ఇల్లు కొనుక్కొని దిగిన రోజున గుమ్మంలోనే ఆగిపోయారు. తలుపు మీద పెచ్చులు లేచిన రంగును గోటితో గీరి చూసి, "అమ్మాయ్, దీని కింద మంచి చెక్క ఉందే" అన్నారు. ఆ తర్వాత ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆపాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

ఇల్లు చిన్నదే. మూడు గదులు, వంటిల్లు, వెనక ప్రహరీ కట్టిన పెరడు. ఎన్ని చేతులు మారిందో గాని, వచ్చినవాళ్ళల్లా పాత రంగు మీదే కొత్త రంగు పులిమి వెళ్ళిపోయారు. ఆ మందానికి కిటికీ రెక్కలు ఒక పట్టాన మూతపడేవి కావు. పడగ్గదిలో ఒక చెక్క బీరువా ఉండేది. గదిలోనే అమర్చి ఉంటారు, గుమ్మంలోంచి బయటికి రాదు. అందుకే పాతవాళ్ళు దాన్ని వదిలేసి పోయారు. బూడిదరంగు పూసుకొని, గోడనంతా ఆక్రమించుకొని, పెళ్ళికి పిలవకపోయినా వచ్చి కూర్చున్న చుట్టంలా ఉండేది.

మా ఆయన సరుకు రైళ్ళ గార్డు. బండెక్కితే మళ్ళీ రెండు మూడు రోజులకు గాని ఇంటి మొహం చూడరు. వచ్చాక ఇంత తిని, చెట్టు కూలినట్టు పడి నిద్రపోతారు. నేను బడి ఆఫీసులో గుమాస్తాను. వేసవి సెలవులు రెండు నెలలు. అంచేత ఇంటి పని నాకూ మామయ్యకూ మిగిలింది. ఆయన కుడి మణికట్టు ఎప్పుడో బలం తప్పింది. చెయ్యి చాపితే అరచెయ్యి వాలిపోయేది. వయసు అనేవాళ్ళం. అంచేత నోరు ఆయనది, చెయ్యి నాది. రంగు గీకే బద్ద ఏ వాటంలో పట్టాలో, గరుకు కాగితం చెక్క పోగు వెంబడే ఎందుకు నడపాలో, సందుల్లో లప్పం ఎలా నింపాలో దగ్గర కూర్చొని చెప్పేవారు. తట్టుకోలేనప్పుడు నా చేతిలోంచి లాక్కొని ఎడమ చేత్తో ఆయనే గీకేవారు.

ఒక్క విషయంలో మాత్రం మహా పట్టుదల. ఏది గీకినా పెరట్లోకి తీసుకెళ్ళి గీకాలి, గుడ్డ తడిపి తుడిచి తడిమీదే గీకాలి. ఎందుకని అడిగితే, షెడ్డులో పెద్ద మేస్త్రి అలా నేర్పాడని చెప్పారు. అంతకుమించి ఆయనకూ తెలియదు. దుమ్ము లేస్తే కొత్త రంగు మీద పడి పాడవుతుందని ఇద్దరం అనుకున్నాం.

పిల్లకు అప్పుడు ఏడాదీ పది నెలలు. కళ్ళు తెరిచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని మామయ్య దాన్ని పిచ్చుక అని పిలిచేవారు. మాకూ అదే నోటికొచ్చేది. అప్పటికి దానికి నలభై మూడు మాటలు వచ్చు. గుమాస్తా బుద్ధి కదా, వరసగా రాసి పెట్టుకున్నాను. మేం పెరట్లో పని చేస్తుంటే అది మా మధ్య తిరుగుతూ, రాలిన రంగు పెచ్చుల్ని ఏరి మామయ్య జేబులో వేసేది. "కూలి మనిషివి దొరికావే నాకు" అని ఆయన మురిసిపోయేవారు.

తలుపులు అయ్యాయి, రెండు కుర్చీలు అయ్యాయి. బీరువా మిగిలింది. దాని రెక్కలు ఊడదీసి పెరట్లోకి చేరుద్దామనీ, ఒళ్ళు మాత్రం ఉన్నచోటే తడిపి, రోజుకు ఇంత చొప్పున, పిల్లను పక్కింట్లో వదిలి చేద్దామనీ మామయ్య చెప్పారు. నెల పడుతుందన్నారు. ఈలోగా మా ఆయన అక్క, మా వదిన, కాలు బెణికిందని కబురొస్తే, కూతుర్ని చూసుకోవడానికి మూడు రోజులని చెప్పి వెళ్ళారు.

ఆ మూడు రోజుల్లో బీరువా పూర్తిచేసి ఆయన్ను ఆశ్చర్యపరచాలన్న బుద్ధి నాకు పుట్టింది.

వీధి చివరి వడ్రంగి దగ్గర చెక్కను నున్నగా చేసే కరెంటు మిషను ఉంది. అడిగి తెచ్చుకున్నాను. బయట వడగాలి, కిటికీ తీస్తే మట్టి కొట్టేస్తోంది. కిటికీలు వేశాను. తడి చెక్క మీద కరెంటు మిషను ఎలా ఆడించను, అందుకని పొడిగానే పెట్టాను. చెప్పకేం, ఆ మిషను చేతిలో ఉంటే ఒళ్ళు తెలియలేదు. బూడిదరంగు లేచిపోయి ఆకుపచ్చ వచ్చింది, ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద మీగడ రంగు, అట్టడుగున ఇటుకపొడిలా ఎర్రటిది. ఆ ఎర్రటిది కూడా పోయాక తేనెరంగు చెక్క బయటపడింది. పోగులు పోగులుగా, ఏటి నీళ్ళు పారినట్టు. నేను అరచెయ్యి ఆనించి అలా చాలాసేపు నిలబడ్డాను. నా జీవితంలో నా చేతులతో చేసిన అందమైన పని అదొక్కటే అనిపించింది.

పిల్ల ఎక్కడుందని అడుగుతారా? అక్కడే ఉంది. పక్కింటావిడ ఊళ్ళో లేదు. ముందు గదిలో బొమ్మలు పోసి కూర్చోబెడితే, మిషను చప్పుడుకు సంబరపడి పరుగెత్తుకొచ్చేది. నేలమీద పిండి పరిచినట్టు దుమ్ము. అందులో దాని చిన్న పాదాలు అచ్చు పడుతుంటే చూసి నవ్వుకొంది. కూర్చొని వేలితో గీతలు గీసింది. ఆ వేలు నోట్లో పెట్టుకొంది. మధ్యాహ్నం ఆ గదిలోనే, ఆ బీరువా పక్కనే, చాప మీద నిద్రపోయింది. నేను మూతికి చీరకొంగు కట్టుకొని పని కానిచ్చాను. దానికి ఏమీ కట్టలేదు.

మూడో రోజు మామయ్య తిరిగొచ్చి గది గుమ్మంలో నిలబడ్డారు. బీరువాను చూసి ఆయన మొహం వెలిగింది. వెంటనే నేలను చూశారు. "తడపలేదా అమ్మాయ్?" అన్నారు. గొంతులో నేనెప్పుడూ వినని గట్టిదనం. అంతే, మరొక మాట అనకుండా బకెట్టు తెచ్చుకొని గుడ్డ తడిపి నేల తుడవడం మొదలుపెట్టారు. అది సగంలో ఉండగానే మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. పిల్లను ఎత్తుకోబోయి, దాని జుట్టు నిండా తెల్లటి పొడి చూసి, పిల్ల పడుకునే గదిలో ఈ పని పెట్టిందెవరని అడిగారు. అలిసిపోయిన గొంతు. నేను నోరు తెరిచేలోపే మామయ్య, "నేనేరా. గాలి ఎక్కువగా ఉందని లోపలే కానిచ్చాను. కడిగేస్తాంలే" అన్నారు. ఈ వయసులో నీకెందుకు నాన్నా ఈ తంటా అని గొణుక్కుంటూ మా ఆయన స్నానానికి వెళ్ళిపోయారు.

వంటింట్లో నేను అడిగితే మామయ్య నవ్వారు. తననైతే వాడేమీ అనలేడనీ, నన్నయితే రెండు రోజులు సాధిస్తాడనీ అన్నారు. నేనూ నవ్వాను. అప్పటికి ఆ అబద్ధం అంత చిన్నది.

రెండు వారాల తర్వాత పిల్ల అన్నం ముద్ద తోసేయడం మొదలుపెట్టింది. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాం. కడుపు పట్టుకొని ముడుచుకుపోయి ఏడ్చేది. వీధిలో డాక్టరు నులిపురుగులన్నాడు, మందిచ్చాడు. తగ్గలేదు. ఎండ దెబ్బ అన్నారు కొందరు, కొత్త ఇంటి నీళ్ళు పడలేదన్నారు ఇంకొందరు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మేం అన్నీ చేశాం. నీళ్ళు కాచి చల్లార్చి పట్టాం, పాలు మార్చాం, పాలబ్బాయిని మార్చాం. ఎత్తుకుంటే జారిపోయేది, దింపితే గోల పెట్టేది. ఎప్పుడూ కాళ్ళకు అడ్డంపడే పిల్ల, గోడ వైపు తిరిగి కూర్చోవడం నేర్చుకుంది.

ఆ తర్వాత మాటలు పోసాగాయి. ఒక్కసారిగా పోయుంటే భయపడి పరుగెత్తేవాళ్ళమేమో. ఒకటొకటిగా పోయాయి. ముందు పిల్లి పోయింది. పిల్లిని చూపించి ఇదేమిటే అంటే నా నోటి వంక చూసేది. తర్వాత చందమామ, చెప్పులు, తలుపు. నేను రాసుకున్న కాగితం తీసి ఒక్కొక్కటే అడిగేదాన్ని. అది పలకని మాట పక్కన చుక్క పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి కాగితం నిండా చుక్కలు. ఎనిమిది మాటలు మిగిలాయి. తర్వాత ఐదు. ఒకరోజు ఆ కాగితం మామయ్య చూశారు. చదివి, మడిచి, నా చేతికివ్వకుండా తన జేబులో పెట్టుకున్నారు. "ఇంక అడక్కు అమ్మా. దాన్ని పరీక్ష పెట్టి ఏడిపించకు" అన్నారు.

మొదటి వాన పడాల్సిన వారం అది. ఉక్క. పట్టపగలు, మామయ్య పెరట్లో కుర్చీకి వార్నీషు పూస్తున్నారు. నేను పిల్లకు నీళ్ళు తాగిస్తున్నాను. ఉన్నట్టుండి గ్లాసు మీద దాని పళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళు పైకి తేలిపోయాయి. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. నేను అరిచానో లేదో గుర్తులేదు. మామయ్య వార్నీషు చేతులతోనే దాన్ని ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తారు. చెప్పుల్లేకుండా, అరవై ఆరేళ్ళ మనిషి. ఎదురొచ్చిన వ్యాను ముందు నిలబడి ఆపేశారు. ఆస్పత్రి చేరేవరకూ ఆయన పిచ్చుకా, పిచ్చుకా అని పిలుస్తూనే ఉన్నారు. అది ఊపిరి తీసుకుంటోందన్న ఒక్క ఆధారంతో నేను కూర్చున్నాను.

పిల్లల వార్డులో డాక్టరమ్మ ఒకావిడ, నడివయసు మనిషి, తొందరపడని మనిషి. ఫిట్స్ ఆగాక పిల్ల కనురెప్పలు తిప్పి చూసింది, చిగుళ్ళు చూసింది. తర్వాత నా చేతులు చూసింది. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా వదలని రంగు. ఇంట్లో ఏమైనా పని జరుగుతోందా అని అడిగింది. చెప్పాను. ఇల్లు ఎంత పాతదని అడిగింది. తెలిసినంత చెప్పాను. రక్తం తీయించి, కడుపుకూ మోకాళ్ళకూ ఎక్స్‌రే తీయించింది.

మర్నాడు మా ఆయన కూడా డ్యూటీ మధ్యలో దిగి వచ్చేశారు. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది. పిల్ల కడుపులో చల్లినట్టు తెల్లటి చుక్కలు. అవి రంగు పెచ్చులని చెప్పింది. పాత రంగుల్లో సీసం ఉంటుందనీ, ఆ దుమ్మే ఊపిరిలోకీ నోట్లోకీ పోయిందనీ, రక్తంలో ఉండకూడనంత ఉందనీ, మెదడు దాకా వెళ్ళిందనీ, ఒక్కొక్కటి ఆగి ఆగి చెప్పింది. ఈ రోజు నుంచి పిల్ల ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదంది. బతుకుతుందా అని మా ఆయన అడిగారు. బతుకుతుందనే అనుకుంటున్నానంది. మాటలు వస్తాయా అని నేను అడిగాను. అది ఇప్పుడే చెప్పలేనంది.

తర్వాత ఆవిడ కాగితం తీసుకొని, ఎవరు గీకారు, ఎక్కడ, ఎన్ని రోజులు అని అడిగింది.

"మా నాన్న" అన్నారు మా ఆయన. "పిల్ల పడుకునే గదిలో. కిటికీలు మూసుకొని."

మామయ్య గోడవారన నిలబడి ఉన్నారు. చేతిలో పిల్ల బట్టల సంచి. నేను చెప్పాలి. ఒక్క మాట. చెప్పలేదు. ఆయన నా వైపు చూస్తే చెప్పేసేదాన్నని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన చూడలేదు. తల వంచుకొని, "అవునమ్మా, నేనే. మూడు రోజులు" అని డాక్టరమ్మకు చెప్పారు. ఆవిడ రాసుకుంది.

నడవాలోకి వచ్చాక మా ఆయన తండ్రి చేతిలోంచి సంచి తీసుకున్నారు. "నాన్నా, నువ్వు అక్క దగ్గరికి వెళ్ళిపో. ఇటు రాకు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలీదు." గొంతు పెంచలేదు. మామయ్య సరేనన్నట్టు తలూపి, మెట్ల కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయారు. నేను చూస్తూ నిలబడ్డాను. సీసం ఎవరు రేపితే ఏమిటి, మందు ఒకటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదం ఒకటి దొరికింది, దాన్ని పట్టుకొని వేలాడాను.

ఐదు రోజులు ఇంజెక్షన్లు, రెండు రోజులు విరామం, మళ్ళీ ఐదు రోజులు. తొడ కండలోకి లోతుగా పొడవాలి. పట్టుకోవడానికి నేను కావాలి. మొదటి రోజు పిల్ల నన్ను కరుచుకొని ఏడ్చింది. మూడో రోజుకు నన్ను చూసి మంచం ఆ చివరికి జరిగిపోయేది. నా చేతులు వచ్చాయంటే సూది వస్తుందని దానికి అర్థమైంది. మిగిలిన ఐదు మాటల్లో ఒకటి అమ్మ. ఆ వారంలో అదీ పోయింది.

వార్డు కిటికీలోంచి చూస్తే కింద సైకిళ్ళు పెట్టే షెడ్డు కనబడేది. రోజూ పొద్దున్నే మామయ్య వచ్చి అక్కడ నిలబడేవారు. పైకి వచ్చేవారు కాదు. వార్డు ఆయాను ఆపి ఏదో అడిగేవారు. ఆవిడ చెప్పింది విని, మళ్ళీ అలాగే మధ్యాహ్నం దాకా నిలబడి వెళ్ళేవారు. వాన మొదలయ్యాక కూడా వచ్చేవారు. ముసలాయన ఎవరమ్మా, మీ పిల్ల మూత్రం సరిగా పోస్తోందా అని కూడా అడుగుతాడు అని ఆయా నన్ను అడిగింది. మా మామగారు అన్నాను. పైకి రమ్మనొచ్చుగా అంది. నేను పిల్ల దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

ఇంట్లో అందరి రక్తం పరీక్ష చేయాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. వదిన దగ్గరున్న మామయ్యను కూడా విడిగా పిలిపించి తీయించింది. ఫలితాలు వచ్చిన రోజు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచింది. మామయ్య ఒంట్లో సీసం ఉందట, ముప్పై నాలుగేళ్ళ షెడ్డు పనిలో ఎముకల్లో పేరుకున్నది. ఆ వాలిపోయిన మణికట్టు వయసు వల్ల కాదట. "కానీ మీ రక్తంలో ఆయనకంటే రెట్టింపు ఉంది" అని ఆగింది. "ఇది ఈమధ్యది. మూడు రోజులు దుమ్ములో ఉన్నది ఎవరో నాకు కాగితం చెబుతోంది. నేను ఎవరికీ చెప్పను. అది నా పని కాదు." ఆ కాగితం నా ముందుకు జరిపింది.

కాగితం మడిచి జాకెట్లో దోపుకొని వార్డుకు వచ్చాను. మా ఆయన పిల్లకు చెంచాతో పాలు పడుతున్నారు. సగం గడ్డం మీదే కారుతోంది, ఓపిగ్గా తుడిచి మళ్ళీ పడుతున్నారు. గడ్డం మాసిపోయి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొని, ఆ నెలలో పదేళ్ళు పెద్దవారైనట్టున్నారు. పరీక్షల్లో ఏం వచ్చిందని అడిగారు.

నాకు కాస్త ఎక్కువగా ఉందట అన్నాను. పక్కనే ఉన్నావు కదా, అందుకే అయ్యుంటుంది అన్నారు. ఆయనే దారి చూపించారు. అవునని ఊరుకుంటే సరిపోయేది. కిటికీలోంచి చూశాను. మామయ్య తల మీద సంచి కప్పుకొని షెడ్డులో నిలబడి ఉన్నారు. జల్లు లోపలికి కొడుతోంది.

"గీకింది నేను" అన్నాను. "మామయ్య వదిన దగ్గరున్నారు. ఆ మూడు రోజులూ నేనే."

ఆయన చెంచా గిన్నెలో పెట్టలేదు. పిల్ల నోరు తెరిస్తే పాలు పోశారు. ఇంకో చెంచా పోశారు. గిన్నె ఖాళీ అయ్యేవరకూ పోసి, మూతి తుడిచి, దాన్ని పడుకోబెట్టారు.

"మరి నాన్న ఎందుకు ఒప్పుకున్నాడు?"

మొదటిసారి నన్ను తిట్టు పడకుండా కాపాడారనీ, రెండోసారి ఎందుకో నాకు తెలియదనీ చెప్పాను. ఆయన చెప్పులు వేసుకొని కిందికి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. వానలో దాటుకుంటూ వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో వినపడే దూరం కాదు. తర్వాత మా ఆయన తండ్రి తల మీది సంచి తీసి, నీళ్ళు పిండి, మడిచి తన చంకలో పెట్టుకున్నారు. ఇద్దరూ మెట్ల వైపు వచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం సూదికి నేను చేతులు పట్టుకుంటే మామయ్య కాళ్ళు పట్టుకున్నారు. మా ఆయన గోడకు మొహం తిప్పుకొని నిలబడ్డారు. మా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ. పాలు, మందు, దుప్పటి, ఆటో, అంతవరకే. తిట్టుంటే బాగుండేది. చెయ్యెత్తినా బాగుండేదని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. ఆయన ఆ మనిషి కాదు.

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళింది సామాను తీసుకోవడానికే. వేరే చోట రెండు గదులు చూసుకున్నాం. పరుపులు, చాపలు, బట్టలు, బొమ్మలు అన్నీ అక్కడే వదిలేయాలి. మామయ్యా నేనూ మూతికి తడిగుడ్డలు కట్టుకొని వెళ్ళాం. బీరువా పడగ్గదిలో తేనెరంగులో మెరుస్తోంది. మామయ్య మొదలుపెట్టిన పాలిష్ కూడా మూడో వంతు అయింది. చూడగానే, అంత నరకం చూశాక కూడా, ఎంత బాగుంది అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసి, నేలమీద కూలబడి ఏడ్చాను. ఆస్పత్రిలో ఒక్కరోజూ రాని ఏడుపు. మామయ్య నన్ను ఓదార్చలేదు. నేల తుడుస్తూ ఉన్నారు. ఎవరూ ఉండబోని ఇంటి నేలను, తడిగుడ్డతో, మూలమూలలా.

ఏడుపు ఆగాక అడిగాను. డాక్టరమ్మ గదిలో ఎందుకు ఒప్పుకున్నారు మామయ్యా, నన్ను ఎందుకు పట్టివ్వలేదు అని.

ఆయన గుడ్డ బకెట్టులో ముంచి పిండారు. "వాడు నా మీద కోపం పెట్టుకుంటే నేను కూతురి ఇంటికి వెళ్ళగలను అమ్మా. నీ మీద పెట్టుకుంటే, ఆ పిల్లను వదిలి నువ్వెక్కడికి వెళ్తావు?" అన్నారు. గుడ్డ దులిపి, "నీకు పని నేర్పింది నేనే కదా. పూర్తి అబద్ధమేం కాదు" అన్నారు. మళ్ళీ తుడవడంలో పడ్డారు.

వానలు ముదిరేసరికి పిల్ల లేచి నడిచింది. రక్తంలో సీసం దిగింది. ఏడాదికి గాని మళ్ళీ మాటలు మొదలు కాలేదు. మొదలయ్యాక కూడా ఒక్కొక్కటి వెతుక్కున్నట్టు వచ్చేవి. మా ఆయన ఎప్పటికో మామూలుగా మాట్లాడారు, ఎప్పటికో నవ్వారు. ఆ ప్రస్తావన మాత్రం మా మధ్య రాలేదు. మామయ్య చివరిదాకా మా దగ్గరే ఉండి, రెండేళ్ళ క్రితం పోయారు. గీకింది తను ఆవిడ ఇంట్లో ఉన్న ఆ మూడు రోజుల్లోనేనని కూతురికి కూడా చెప్పలేదు. మా ఆయనా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పిల్లకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. వేలు పెట్టుకొని చదువుతుంది. లెక్కలు దాని తలకెక్కవు. ఏదైనా రెండుసార్లు చెప్పాలి, అప్పుడు పట్టుకుంటుంది, పట్టుకున్నది మర్చిపోదు అని టీచరు అంటుంది. మొన్న సెలవులకు వాళ్ళ అత్త ఇంట్లో పది రోజులుండి వచ్చింది. వచ్చిన మర్నాడు నేను దాని పుస్తకాలకు అట్టలు వేస్తుంటే పక్కన కూర్చుంది. తాతయ్య రంగు గీకడం వల్లే తను ఇలా అయిందని అక్కడ అనుకుంటున్నారట. తాతయ్య అంటే దానికి ప్రాణం. "నిజమేనా అమ్మా?" అని అడిగింది.

అట్ట కింద పెట్టాను. వంటింట్లో మా ఆయన గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

కాదని చెప్పాను. తాతయ్య ఆ రోజుల్లో ఇంట్లో లేరనీ, పొడిగా గీకవద్దని ఆయన ముందే చెప్పారనీ, కిటికీలు మూసి, నిన్ను పక్కన పెట్టుకొని గీకింది నేననీ, ఆ దుమ్మే నీ ఒంట్లోకి పోయిందనీ, అడిగినప్పుడు నేను నోరు మూసుకుంటే ఆయన నా బదులు మాట పడ్డారనీ చెప్పాను. గబగబా చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని.

అది నా మొహం చూస్తూ విన్నది. నుదురు ముడిపడింది. లెక్క అర్థం కానప్పుడు అలాగే ముడిపడుతుంది.

"మళ్ళీ చెప్పమ్మా" అంది. "నిదానంగా."

మళ్ళీ చెప్పాను, నిదానంగా.